తోకను నొక్కితే ముక్కు లేస్తుంది

మైపాడు తీరంలో పొద్దున్నే, సముద్రపు గాలి పుంజుకోకముందే, థర్మకోల్ షీటుతో చేసిన రేడియో కంట్రోల్ విమానాన్ని ఎగరేస్తాం. చుట్టూ మూగిన పిల్లలు ప్రతిసారీ అడిగేది ఒకటే: "అన్నా, స్టిక్కు వెనక్కి లాగితే అది పైకి ఎట్టా పోద్ది?"

తోక దగ్గరి పలకే విమానాన్ని పైకెత్తుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తోకను కిందికి నొక్కుతుంది. చేతిలోని రిమోట్ మీది స్టిక్కు లాగగానే ఎలివేటర్ అనే ఆ పలక పైకి వంగి, తగిలిన గాలిని పైకి మళ్లిస్తుంది. ఆ ఎదురు తోపుడుకి తోక దిగి ముక్కు లేస్తుంది. ఏతం మాను మీద ఇరుసుకి దూరంగా నడిచేకొద్దీ మనిషి బరువు ఎక్కువగా పనిచేస్తుంది కదా! విమానానికి ఇరుసులాంటిది దాని బరువు తూగే చోటు, అంటే బరువు కేంద్రం. దానికి అంత దూరంగా ఉంది కాబట్టే అరచేయంత పలక మొత్తం విమానాన్ని తిప్పగలుగుతోంది.

మోసేది మాత్రం పెద్ద రెక్కే. ముక్కు లేస్తే రెక్క గాలికి ఎక్కువ కోణంలో ఎదురై లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, పెరుగుతుంది. ఆ కోణం హద్దు దాటితే, చాలా రెక్కలకు 15 డిగ్రీల దరిదాపుల్లో, గాలి రెక్క పైభాగాన్ని వదిలేస్తుంది, లిఫ్ట్ పడిపోతుంది. దాన్నే స్టాల్ అంటారు. అందుకే పైకి పోవాలంటే స్టిక్కు లాగడంతో పాటు థ్రాటిల్, అంటే మోటారు జోరు, కూడా పెంచాలి.

వేలి కదలికను పలకకు చేర్చేది సర్వో అనే చిన్న మోటారు. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ దానికి మామూలుగా 20 మిల్లీసెకన్లకోసారి ఒక పల్స్ పంపుతుంది. పల్స్ 1.5 మిల్లీసెకన్లుంటే సర్వో చెయ్యి మధ్యలో ఆగుతుంది; 1 వైపు తగ్గితే ఒక పక్కకి, 2 వైపు పెరిగితే ఇంకో పక్కకి తిరిగి, సన్నటి తీగతో పలకను కదుపుతుంది.

నా మొదటి విమానంలో ఆ సర్వో తిరిగే దిశ తారుమారైంది. నేను చూసుకోలేదు. విసరగానే కిందికి వాలుతోందని స్టిక్కు లాగాను, ఇంకా వాలింది. టెన్షన్‌లో ఇంకా గట్టిగా లాగాను. ముక్కు ఇసుకలో దిగబడింది. ఇప్పుడు ప్రతిసారీ విమానం వెనక నిలబడి స్టిక్కు నా వైపు లాగుతాను, పలక పైకి లేస్తేనే విసురుతాను.

ఇంకొకటి కూడా చూస్తాం. బరువు కేంద్రం రెక్క ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య ఉండాలి. అది మరీ వెనక్కి పోతే చిన్న కదలికకే ముక్కు ఎగిరిపడుతుంది, ఎంత అనుభవమున్న చేతికైనా లొంగదు. అందుకే ఒక పిల్లవాడిని పిలిచి, రెక్కల కింద ఆ చోట రెండు వేళ్లు పెట్టి విమానాన్ని నిలబెట్టమంటాం. తోక వాలితే బ్యాటరీని కాస్త ముందుకు జరుపుతాం. ముక్కు కొంచెం కిందికి వాలి నిలిచిందా, ఇక విసరమని వాడి చేతికే ఇస్తాం.