అబ్బేలో వాట్సన్ బొమ్మ, అందులో లేని తిలంగాలు

2020 జూన్‌లో బ్రిస్టల్‌లో బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం లాగి నీళ్ళలో పడేశాక, మరి బెంగాల్‌ని కంపెనీ చేతికి తెచ్చిన రాబర్ట్ క్లైవ్ విగ్రహం లండన్‌లో ఉంది కదా, దాని సంగతేంటని చాలామంది అడిగారు. నాకైతే క్లైవ్ కంటే ముందు అడ్మిరల్ చార్లెస్ వాట్సన్ గుర్తొస్తాడు. ఆయన స్మారకం రోడ్డు మీద కాదు, వెస్ట్‌మినిస్టర్ అబ్బే లోపల ఉంది, అందుకేనేమో దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

జేమ్స్ స్టువర్ట్ డిజైన్ చేస్తే షీమేకర్స్ చెక్కాడు. మధ్యలో వాట్సన్, పాతకాలపు రోమన్ లాగా బట్ట చుట్టుకుని నిలబడి ఉంటాడు. ఒకపక్క మోకాళ్ళ మీద ఉన్న ఆడమనిషి కలకత్తా, విడిపించినందుకు కృతజ్ఞత చెప్తోంది. ఇంకోపక్క గొలుసులతో కట్టేసిన మనిషి చందర్‌నగర్, అంటే బెంగాల్‌లో అప్పటి ఫ్రెంచివాళ్ళ స్థావరం. ఆయన పరాక్రమం వల్ల తనకి దక్కిన ప్రయోజనాలకి కృతజ్ఞతగా ఈస్టిండియా కంపెనీ కట్టించిందని రాసుంది. చూడండి, ఆయన కంపెనీ నౌకరు కాదు, రాజుగారి నేవీ ఆఫీసరు, అయినా రాయి పెట్టించింది కంపెనీ, ఎందుకో కూడా దాని మీదే రాసింది.

ఇదంతా రెండేళ్ళలోపు కథే. 1756 ఫిబ్రవరి 13న కొంకణ్ తీరంలో ఘేరియా, అంటే ఇప్పటి విజయదుర్గ్, పడిపోయింది, దాన్ని ఏలుతున్న మరాఠా నౌకాధిపతి తులాజీ ఆంగ్రే ఓడలన్నీ కాలిపోయాయి, పీష్వా సైన్యం కూడా అప్పుడు ఇంగ్లీషువాళ్ళ వైపే. ఆ జూన్‌లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా ఇంగ్లీషువాళ్ళ నుంచి కలకత్తా తీసుకున్నాడు, అక్టోబర్‌లో వాట్సన్ ఓడలు మద్రాసు నుంచి క్లైవ్‌తో సహా బయల్దేరాయి, 1757 జనవరి 2కి కలకత్తా మళ్ళీ వాళ్ళ చేతికొచ్చింది. మార్చి 23న చందర్‌నగర్. ఫ్రెంచివాళ్ళు హుగ్లీలో అడ్డంగా ఓడలు ముంచేసినా వాట్సన్ దారి చూసుకుని కోటకి ఎదురుగా వచ్చి ఆగాడు, రెండువైపులా అతి దగ్గర్నుంచి ఫిరంగులు. కెంట్ ఓడ కెప్టెన్ స్పీక్‌కీ, ఆయన పక్కనే ఉన్న కొడుక్కీ ఒకే గుండు తగిలింది, ఆ పిల్లాడు తర్వాత చనిపోయాడు. ఈ యుద్ధాన్ని డొమినిక్ సెర్రెస్ ఆయిల్ పెయింటింగ్‌గా వేశాడు.

వాట్సన్ గురించి ఒకటి ఒప్పుకోవాలి. నవాబుని దించే కుట్రలో మధ్యవర్తిగా ఉన్న వ్యాపారి ఒమిచంద్‌ని మోసం చెయ్యడానికి ఎర్ర కాగితం మీద దొంగ ఒప్పందం రాస్తే ఆయన సంతకం పెట్టనన్నాడు, క్లైవ్ వేరేవాళ్ళ చేత ఆయన సంతకాన్ని దొంగగా పెట్టించాడు. కానీ నవాబు సేనాపతి మీర్ జాఫర్‌తో చేసుకున్న అసలు ఒప్పందం మీద మాత్రం ఆయన సంతకమే ఉంది. నవాబు ఓడిపోయిన ప్లాసీ యుద్ధం అయిన రెండు నెలలకే, ఆగస్టు 16న జ్వరంతో కలకత్తాలోనే పోయాడు, సమాధి అక్కడి సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో ఉంది.

నన్ను పట్టి ఉంచేది ఇంకొకటి. మద్రాసు నుంచి ఆ దండయాత్రలో దేశీ సిపాయిలు కూడా వెళ్ళారు. వాళ్ళని బెంగాల్‌లో తిలంగాలు అన్నారు, తెలుగు దేశం పేరు మీదే. అందరూ తెలుగోళ్ళే అయ్యుండరు, పేరు మాత్రం మనది. అబ్బే పాలరాతిలో దణ్ణం పెట్టే మనిషుంది, గొలుసుల్లో మనిషున్నాడు, తుపాకి మోసిన తిలంగా మాత్రం లేడు. ఆ మాట బెంగాల్‌తో ఆగలేదు, కంపెనీ సిపాయిలందరికీ అంటుకుంది, 1857లో ఢిల్లీలో తిరగబడ్డ ఉత్తరాది సిపాయిల్ని కూడా అక్కడి జనం తిలంగాలనే పిలిచారు.