సినిమాకు సర్కారు పైసలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: సినిమా తీస్తే ఖర్చులో 40 శాతం కేంద్రం వాపసు ఇస్తది.

దేవరకొండ, కల్వకుర్తి, మిర్యాలగూడ వైపు నుంచి మొదటి సినిమాకు దిగేవాళ్లు బడ్జెట్ కాగితం మీద ముందుగా రాసుకునే ఆదాయం ఇదే.

వాస్తవం: 40 శాతం ఉన్నమాటే. 2023 నవంబర్‌లో 30 నుంచి పెంచారు, గరిష్ఠంగా 30 కోట్లు. కానీ అది విదేశీ సంస్థలు మన దేశానికొచ్చి తీసేవాటికి, రెండు దేశాల ఒప్పందం కింద అధికారికంగా కలిసి తీసేవాటికి. అదీ ఇక్కడ పెట్టిన ఖర్చులో అర్హత ఉన్నంత మేరకే. సోమశిలలోనో పిల్లలమర్రి దగ్గరో సొంత పైసలతో తెలుగు సినిమా తీసే నిర్మాతకు అందులో రూపాయి రాదు. వాట్సాప్‌లో తిరిగే వార్తలో 'విదేశీ' అన్న మాటే ఎగిరిపోయి ఉంటుంది.

ఆ ఒక్క మాట ఎంతకు తెస్తుందో చూడండి. నూటికి రెండు రూపాయల మిత్తికి 40 లక్షలు తెస్తే నెలకు 80 వేలు. షూటింగ్, డబ్బింగ్, సెన్సార్, థియేటర్ల కోసం ఎదురుచూపు కలిపి ఏడాదిన్నర పడితే మిత్తే 14 లక్షల 40 వేలు. సబ్సిడీ రాగానే విడిపిద్దామని ఎకరం కుదువపెట్టినవాళ్ల భయం అర్థమవుతుంది, వాళ్లను ఏమనలేం. 'ఫైల్ కదిలిస్తా' అంటూ అడ్వాన్సు గుంజే బ్రోకర్లను అనాలి. లేని పథకానికి ఫైల్ ఎక్కడ కదులుతుంది?

అవార్డుతో గట్టెక్కుతాం అనే లెక్కా ఇలాంటిదే. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రానికి రజత కమలంతో నిర్మాతకు వచ్చేది 2 లక్షలు. పైన చెప్పిన అప్పుకు రెండున్నర నెలల మిత్తి. ఏ ఏడాది పోటీకి వెళ్తుందో తేల్చేది కూడా విడుదల తేదీ కాదు, సెన్సార్ సర్టిఫికెట్ మీది తేదీ.

మరి సర్కారు సొమ్ము ఎక్కడుంది? కేంద్రం నడిపే జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) దగ్గర. అయితే తీసేసిన సినిమాకు సబ్సిడీగా కాదు, స్క్రిప్టు దశలో. కొత్త దర్శకుడి మొదటి సినిమాను అదే నిర్మిస్తుంది, లేదా సహనిర్మాతగా వాటా పెడుతుంది. అదే నిర్మిస్తే హక్కులూ దానివే. ఈ సంగతి ఒప్పుకున్నాకే దరఖాస్తు పెట్టండి. కథాసారం ఒక్కటే పట్టుకెళ్తే లాభం లేదు. పూర్తి స్క్రిప్టు, పద్దులవారీ బడ్జెట్ ఉండాలి. సినిమా తీసేవాళ్లు కొనేవాళ్లను, పెట్టుబడి పెట్టేవాళ్లను కలిసే ఫిల్మ్ బజార్ (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్), గోవాలో నవంబర్‌లో జరిగేది, కూడా వాళ్లదే.

సినిమాకు పరిశ్రమ హోదా 1998లోనే వచ్చింది, నిజమే. బ్యాంకు మాత్రం ఇప్పటికీ తాకట్టే అడుగుతుంది. 'ట్యాక్స్ ఫ్రీ' ఇచ్చినా రాష్ట్రం వదులుకోగలిగేది జీఎస్టీలో తన సగాన్నే. 100 రూపాయల టికెట్ మీద 5 శాతమైతే అందులో రెండున్నర రూపాయలు.

పల్లె కథలు తీసేవాళ్లకు ఇంకొకటి. మన ఎడ్లే, మన గొర్లే కదా, పర్మిషన్ ఎందుకంటారు. జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాలి, తీశాక ఆ సీన్లు చూపించి 'అభ్యంతరం లేదు' అనే పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చుకోవాలి. అది లేకుంటే సెన్సార్ దగ్గర ఆగిపోతారు, చివరికి ఆ సీన్లే తీసేయాల్సి వస్తుంది. ఎడ్లబండి మీదే హీరో ఎంట్రీ పెట్టుకుంటే ఇంకేం మిగుల్తది? కోడిపుంజుకైనా ఇదే లెక్క.