ఒకే కొండ కింద మూడు కట్టడాలు

కృష్ణానది మీద 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, 2020 అక్టోబరులో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్, ఈ మూడూ విజయవాడలో ఇంద్రకీలాద్రిని ఆనుకొని కట్టినవే. మొదటి రెండింటిలో దేనికీ పని మొదలయ్యాక నాలుగేళ్లకు మించి పట్టలేదు. 2.6 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు మాత్రం దాదాపు ఐదేళ్లు పట్టింది. ఈ తేడాకు మూలం పని మొదలుకాకముందు ఏమేం తేల్చుకున్నారన్న దానిలో ఉంది.

బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డుకట్ట వేయవచ్చన్న ఆలోచన 1792 నాటిది. 1832-33లో నందన కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన తరువాత కూడా పని మొదలుకావడానికి మరో ఇరవై ఏళ్లు గడిచాయి (ఇందులో మెచ్చుకోదగినదేమీ లేదు, ఆ జాప్యం జనం ప్రాణాలతో చెల్లించినది). అయితే 1852లో ఇంజనీరు కెప్టెన్ ఓర్ పని చేపట్టేనాటికి, ఆర్థర్ కాటన్ నాయకత్వంలో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. నది అడుగున ఉండే ఇసుక మీద రాతికట్ట నిలుస్తుందా అన్న సందేహం గోదావరిలోనే తీరిపోయింది. రెండు కొండల నడుమ నది ఇరుకయ్యే చోటు కళ్లెదుటే ఉంది. 1952లో ఆ ఆనకట్టకు గండి పడినప్పుడైతే తేల్చవలసినది ఇంకా తక్కువ: కాలువలు, ఆయకట్టు, నీటి కోసం ఎదురుచూసే రైతులు అప్పటికే ఉన్నారు. అందుకే 1954లో మొదలైన బ్యారేజీ 1957కల్లా పూర్తయింది.

ఫ్లైఓవర్ సంగతి వేరు. 2015 డిసెంబరులో శంకుస్థాపన చేసి, 2016 ఆగస్టు పుష్కరాలకు పూర్తి చేస్తామన్నారు. గడువును పంచాంగం నిర్ణయించింది గానీ పని స్వభావం కాదు. ఒకవైపు కొండ, మరోవైపు కాలువ, మధ్యలో మళ్లించడానికి దారిలేని జాతీయ రహదారి, దానికి తోడు అమ్మవారి భక్తుల రద్దీ. ఇవేవీ దారిలో ఎదురైన ఆటంకాలు కావు, మొదటి రోజు నుంచీ అక్కడున్నవే.

బ్యారేజీకి 85 కిలోమీటర్ల ఎగువన కట్టిన పులిచింతల జలాశయానిదీ ఇలాంటి కథే, అక్కడ ముందుగా తేలనిది ముంపు గ్రామాల సంగతి. బ్యారేజీ వెనుక నిలిచేది మూడు టీఎంసీలే (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) కాబట్టి, నాగార్జునసాగర్ దిగువన చేరే మూసీ నీటితో సహా వరదను డెల్టా కోసం పట్టి ఉంచే జలాశయం అవసరమైంది. 2004లో శంకుస్థాపన చేసి 2013లో ప్రారంభించినా, పునరావాసం తెమలక, దాని 45.77 టీఎంసీల పూర్తి సామర్థ్యం మేరకు నీరు నింపడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. 2021 ఆగస్టు 5న 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది. అక్కడ తాత్కాలిక గేటు దించాలంటే నీటిమట్టం తగ్గించక తప్పలేదు. అలా వదిలిన నీటిలో చాలా భాగం బ్యారేజీ గేట్లు దాటి సముద్రంలో కలిసింది.