పచ్చకామెర్లు, పురుషుల మధ్య లైంగిక సంబంధాలు: అపోహలు - వాస్తవాలు

పచ్చకామెర్లతో వచ్చిన యువకుడిని "బయట ఏం తిన్నారు?" అని అడగడంతోనే మా వైద్యుల విచారణ చాలాసార్లు ముగిసిపోతుంది. పక్కన తల్లిదండ్రులు కూర్చుని ఉండగా అంతకు మించి అడిగినా అతను చెప్పలేడు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: కామెర్లు కలుషితమైన నీటి వల్లే వస్తాయి.

వాస్తవం: కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) మన దగ్గర ఎక్కువగా నీరు, ఆహారం ద్వారానే వ్యాపిస్తుందన్నది నిజమే. అయితే ఆ వైరస్ రోగి మలంలో బయటికి వస్తుంది కనుక, నోరు గానీ వేళ్లు గానీ మలద్వారానికి తగిలినప్పుడు కంటికి కనిపించనంత మలినం చేరినా సోకుతుంది. 2016-18 మధ్య యూరప్‌లో హెపటైటిస్-ఎ వేలమందికి సోకినప్పుడు, బాధితుల్లో అత్యధికులు పురుషులతో లైంగిక సంబంధం ఉన్న పురుషులే. చిన్నతనంలో ఆ జబ్బు సోకక, టీకా కూడా వేయించుకోనివారు ఎక్కువగా ఉన్నచోట అది వేగంగా పాకుతుంది. మన నగరాల్లో శుద్ధిచేసిన నీటితో పెరిగిన యువకుల్లోనూ అలాంటివారు ఎందరో ఉన్నారు.

అపోహ: కండోమ్ ఉంటే భయం లేదు.

వాస్తవం: హెచ్ఐవీ, హెపటైటిస్-బి విషయంలో కండోమ్ మంచి రక్షణ, హెపటైటిస్-ఎ విషయంలో దాన్ని నమ్ముకోలేం. ఎ, బి రెండింటికీ టీకాలున్నాయి. బి టీకా దేశమంతటా పసిపిల్లలకు 2011 నాటికి గానీ అందలేదు కాబట్టి, నేడు ముప్ఫై ఏళ్లున్నవారు తమకు చిన్నప్పుడే వేసి ఉంటారని అనుకోకూడదు. సాధారణంగా బి టీకా మొదటి మోతాదు వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది వేస్తారు.

అపోహ: కళ్లు పచ్చబడకపోతే కాలేయానికి ఏమీ కాలేదు.

వాస్తవం: హెపటైటిస్-సి కొత్తగా సోకిన చాలామందికి కామెర్లే రావు. తొలి వారాల్లో యాంటీబాడీ పరీక్షలో అది బయటపడకపోవచ్చు, రక్తంలో వైరస్‌నే నేరుగా గుర్తించే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కావాలి. హెచ్ఐవీ ఉన్నవారు, సూదులు పంచుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మందులతో ఒకసారి నయమైనా మళ్లీ సోకవచ్చు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం.

అపోహ: పసరు మందుతో కామెర్లు తగ్గుతాయి.

వాస్తవం: హెపటైటిస్-ఎ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. మగతగా ఉన్నా, మాట తడబడినా పసరు కోసం తిరగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

హెపటైటిస్-ఎ అని తేలితే, కామెర్లు కనిపించడానికి రెండు వారాల ముందు నుంచీ మీతో లైంగికంగా కలిసినవారికి, ఇంట్లోవారికి ఆ సంగతి తెలియజేయండి. కలిసిన 14 రోజుల్లోపు టీకా వేయించుకుంటే వారికి ఆ జబ్బు రాకుండా ఆపే అవకాశం ఉంది.