డాలరు ఒకటే, దాని వెనక చరిత్రలు వేరు

అమెరికన్లు డబ్బు మనుషులన్న మాట మనం చాలాకాలంగా వింటున్నదే. అందులో కొంత నిజం లేకపోలేదు గానీ, ఆ దేశంలో డబ్బుకు అన్నిచోట్లా ఒకే అర్థం ఎన్నడూ లేదు.

1607లో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్‌కు మనుషులను పంపింది లాభం కోసం వాటాలు అమ్మిన ఒక లండన్ కంపెనీ. ఆశించిన బంగారం దొరకలేదు, పొగాకు నిలబెట్టింది. పొగాకుకు విస్తారమైన నేల, చవకైన చాకిరీ కావాలి కనుక, 1619లో అక్కడికి తెచ్చిన ఆఫ్రికన్లతో మొదలైన దుర్మార్గం క్రమంగా దక్షిణాది అంతటా వేళ్లూనుకుని, 1860 నాటికి దాదాపు 40 లక్షల మందిని బానిసలుగా ఉంచింది. అక్కడ సంపద అంటే భూమి, దాని మీద పనిచేసే బానిసలు, ఆ రెండింటితో వచ్చే హోదా. 1630లో ఉత్తరాదిలోని మసాచుసెట్స్ చేరిన ప్యూరిటన్లనే నిష్ఠాపరులైన ఇంగ్లండు క్రైస్తవుల తీరు వేరు. కష్టపడి సంపాదించడం దేవుడు అప్పగించిన పని అనీ, సంపాదించినది ఆర్భాటాలకు తగలేయడం పాపమనీ వారు నమ్మారు. 50 కుటుంబాలున్న ప్రతి ఊరూ చదువు చెప్పే మనిషిని పెట్టుకోవాలని 1647లోనే చట్టం చేశారు. పడమటి మైదానాల్లోనైతే 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద ఐదేళ్లు అక్కడే ఉండి సాగుచేసినవారికి 160 ఎకరాలు దక్కేవి. సొంత కాళ్ల మీద నిలబడ్డామన్న గర్వం అక్కడ పుట్టింది. ఆ నేల మూలవాసుల నుంచి లాక్కున్నదన్న సంగతి వదిలేసి ఆ గర్వం గురించి రాయడం మాత్రం న్యాయం కాదు.

ఈ ప్రాంతాలన్నిటినీ ఒకే అంగడికి చేర్చినవి రైలు, తపాలా. 1896లో పల్లెల్లో ఇంటి దగ్గరికే ఉత్తరాలు చేర్చే ఏర్పాటు మొదలయ్యాక ఉత్తరం రాస్తే తపాలాలో సరుకులు పంపే షికాగోలోని సియర్స్ కంపెనీ కేటలాగు మారుమూల గడపకూ చేరింది. దక్షిణాదిలో పంటలో వాటా ఇచ్చి సేద్యం చేసే నల్లజాతి రైతు అప్పటిదాకా పంట మీద అప్పు రాసుకునే కొట్టులోనే కొనాల్సి వచ్చేది. తెల్లవారందరూ కొనేదాకా పక్కన నిలబడాలి, కొట్టువాడు ఏది ఇస్తే అది, ఏ ధర చెబితే ఆ ధర. కేటలాగులో ధర అచ్చువేసి ఉంటుంది, అందరికీ అదే ధర. ఉత్తరం రాసినవారి ఒంటి రంగు కాగితం మీద కనిపించదు. కొన్ని ఊళ్లలో వ్యాపారులు ఆ కేటలాగులను పోగేసి తగలబెట్టించారంటే వారికి ఎక్కడ నొప్పి పుట్టిందో తెలుస్తుంది. వస్తువుల మీద మోజు అని మనం ఈసడించే దానిలోనే ఆ రైతుకు కాస్త మర్యాద దక్కింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అదే అంగడి గోడ కూడా కట్టింది. 1947లో న్యూయార్క్ సమీపాన లాంగ్ ఐలండ్‌లో వెలసిన లెవిట్‌టౌన్‌లో ఒకే నమూనా ఇళ్లు వేల సంఖ్యలో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు సులభంగా భరించగల ధరకు లేచాయి. తొలినాటి ఒప్పంద పత్రాల్లో శ్వేతజాతేతరులు అక్కడ నివసించకూడదన్న షరతు ఉండేది. దక్షిణాది నుంచి ఉత్తరాదికి తరలివచ్చిన నల్లజాతి కుటుంబాలకు అక్కడ కూడా దక్షిణాదే ఎదురైంది.

దేశాలవారీ కోటాలను తొలగించిన 1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లిన తెలుగువారిలో చాలామంది స్థిరపడింది ఇటువంటి నగర శివార్లలోనే. ఇళ్ల అమ్మకంలో జాతి వివక్షను నిషేధించిన చట్టం 1968లో వచ్చింది. దాని కోసం ఏళ్ల తరబడి వీధుల్లో నడిచినవారు నల్లజాతి ప్రజలు.