కింది తరగతి పాఠాలు పై తరగతి పరీక్షలో వస్తాయా?

పిల్లలూ,

"పోయిన ఏడాది లెక్కలు ఈ ఏడాది పెద్ద పరీక్షలో కూడా ఇస్తారా?" అని అడిగారు. ఇస్తారు. కాకపోతే విడిగా ఇచ్చేవి తక్కువ. ఎక్కువగా కొత్త లెక్క కడుపులోనే ఉంటాయి.

బుట్ట అల్లడం చూశారా? ముందు నేలమీద బద్దలు పరిచి అడుగు కడతారు. తర్వాత ఆ బద్దలనే పైకి వంచుతారు. చుట్టూ తిరిగే సన్నని బద్దలన్నీ వాటి సందుల్లోంచే లోపలికీ బయటికీ సాగుతాయి. అంచు కట్టేచోట మళ్లీ అవే తేలతాయి. అడుగున ఒక బద్ద పుచ్చినదైతే, అల్లిక పైదాకా వచ్చాక అక్కడ పట్టు చాలక జారిపోతుంది.

ఒక లెక్క చూడండి. 12 సెంటీమీటర్ల చదరపు అట్ట. నాలుగు మూలలా సమానమైన చదరాలు కోసి, అంచులు మడిచి మూతలేని పెట్టె చెయ్యాలి. ఎంత కోస్తే పెట్టెలో ఎక్కువ పడుతుంది? కోసిన చదరం భుజం క అనుకుంటే, ఘనపరిమాణం క(12 − 2క)². విస్తరించి, అవకలనం చేసి (అంటే క మారేకొద్దీ ఘనపరిమాణం ఎంత వేగంగా మారుతుందో కనుక్కుని), సున్నాకు సమానం చేస్తే 12(క − 2)(క − 6) = 0. క = 6 అయితే అట్ట ఏమీ మిగలదు. కాబట్టి 2.

ఇందులో పై తరగతిది అవకలనం, దాన్ని సున్నా చెయ్యడం, అంతే. ఘనపరిమాణం, వర్గం విస్తరణ, కారణాంకాలు అన్నీ కిందివే. తప్పు జరిగేదీ అక్కడే. (12 − 2క)² ను 144 − 4క² అని రాసి, మధ్యలోని −48క ను వదిలేసి, చివరి +4క² గుర్తును కూడా తప్పేవాళ్లు చాలామంది. ఆ తర్వాత అవకలనం ఎంత చక్కగా చేసినా జవాబు సుమారు 3.46 వస్తుంది. అంత కోస్తే పెట్టెలో పట్టేది 90 ఘన సెంటీమీటర్ల లోపే!

అందుకే పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని, ప్రతి మెట్టు పక్కన అది ఏ తరగతిలో నేర్చుకున్నదో రాయండి. ఆగిపోయిన మెట్టు ఏ తరగతిదైతే ఆ పాఠమే తిరిగి చదవండి, పుస్తకమంతా అక్కర్లేదు. సిలబస్‌లో "ముందే తెలిసి ఉండాల్సినవి" అన్న భాగం ఉంటే దాన్నీ దాటెయ్యకండి.

ఇప్పుడు కత్తెర తీయండి. అలాంటి అట్టలు మూడు తీసుకుని ఒకదానికి 1, ఒకదానికి 2, ఒకదానికి 3 సెంటీమీటర్లు కోసి పెట్టెలు చెయ్యండి. ఇసుక అంచుదాకా నింపి కొలవండి. 100, 128, 108 ఘన సెంటీమీటర్ల దగ్గర్లో రావాలి.