ఎస్‌ఎల్‌ఆర్‌లో ఇరుక్కునే ఖాళీ కేసు: అపోహలు, వాస్తవాలు

పోలీసు సాయుధ విభాగంలో ఆర్మరర్‌గా (ఆయుధాలు బాగుచేసే వాడిగా) పనిచేసిన రోజుల్లో నా బల్ల మీదికి వచ్చిన ఎస్‌ఎల్‌ఆర్‌లలో (సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లలో) చాలావాటికి ఒకే మాట రాసిన చీటీ కట్టి ఉండేది: "ఎక్స్‌ట్రాక్టర్ పనిచేయడం లేదు". రాసినవారు అబద్ధమేమీ రాయలేదు. తూటా పేలిన తర్వాత ఖాళీ కేసు, అంటే మందు దట్టించి ఉండిన ఇత్తడి గొట్టం, బయటికి రాకపోవడాన్ని వారు కళ్లారా చూశారు. కానీ కేసు రాకపోవడానికి కారణం ఎక్స్‌ట్రాక్టరే అయి ఉండాలన్న నియమం లేదు. ఇక్కడ చెబుతున్నది బెల్జియం ఎఫ్‌ఎన్ ఫాల్ ఆధారంగా ఇషాపూర్‌లో తయారైన 7.62 ఎం.ఎం. రైఫిల్ గురించే అయినా, ఇందులోని తర్కం తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్‌తో నడిచే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో చాలావాటికి వర్తిస్తుంది. ఏ పరీక్షకైనా ముందు మేగజీన్ తీసి, బ్రీచ్ బ్లాక్‌ను (చాంబర్‌ను వెనుక నుంచి మూసే కదిలే దిమ్మను) వెనక్కి నిలిపి, చాంబర్‌ను (బ్యారెల్ వెనుక కొసలో తూటా కూర్చునే చోటును) కంటితో చూసి నిర్ధారించుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: కేసు బయట పడలేదంటే ఎక్స్‌ట్రాక్టర్ పోయినట్లే.

వాస్తవం: కేసు బయటికి రావడంలో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. చాంబర్‌లో నుంచి కేసును లాగేది బ్రీచ్ బ్లాక్‌లో ఉండే ఎక్స్‌ట్రాక్టర్. వెనక్కి వచ్చిన కేసును తన్ని కుడివైపుకు విసిరేది రైఫిల్ బాడీలో కదలకుండా ఉండే ఎజెక్టర్. కేసు చాంబర్‌లోనే మిగిలిపోయి, మేగజీన్ నుంచి వచ్చిన రెండో తూటా దాని వెనుక తగులుకుని ఆగితే అది లాగడంలో వచ్చిన లోపం. కేసు చాంబర్ వదిలి వచ్చి, బయటికి పోయే దారిలో బ్రీచ్ బ్లాక్ కింద నలిగితే లాగే పని జరిగినట్లే, బ్లాక్ పూర్తిగా వెనక్కి వెళ్లలేదని అనుమానించాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి కొత్త ఎక్స్‌ట్రాక్టర్ వేస్తే, మరుసటి ఫైరింగ్‌కు అదే రైఫిల్ అదే చీటీతో తిరిగి వస్తుంది.

లాగడంలోనే లోపం ఉందని తేలితే, ఇరుక్కున్న కేసును తీసి దాని రిమ్‌ను (అడుగు అంచును) వెలుతురులో తిప్పి చూడాలి. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం పట్టిన చోట రిమ్ వంగినా, ముక్క ఊడినా కొక్కెం తన శక్తికొద్దీ లాగిందని, చాంబరే కేసును వదల్లేదని అర్థం. రిమ్ చెక్కుచెదరకుండా ఉన్నా, అంచు మీద సన్నని జారుడు గీత మాత్రమే ఉన్నా పట్టు చాలలేదు. అప్పుడు కొక్కెం అరుగుదలను, స్ప్రింగ్ బలాన్ని, కొక్కెం కింద పేరుకున్న మసిని చూడాలి. విడదీసిన బ్రీచ్ బ్లాక్ ముఖానికి ఒక డ్రిల్ కార్ట్రిడ్జ్‌ను (మందు లేని శిక్షణ తూటాను) తగిలించి మెల్లగా ఊపితే, ఆరోగ్యంగా ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ దాన్ని జారవిడవదు. ఈ పరీక్షకు అసలు తూటాను వాడేవారిని నేను చూశాను. అది క్షమించరాని నిర్లక్ష్యం.

అపోహ: పుల్‌త్రూ (బ్యారెల్ గుండా గుడ్డముక్కను లాగే తాడు) నాలుగుసార్లు లాగితే చాంబర్ కూడా శుభ్రమైపోతుంది.

వాస్తవం: నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ రైఫిళ్లను పాడుచేసిన నమ్మకం ఇదే. బ్యారెల్ లోపలి కొలత 7.62 మిల్లీమీటర్లు, చాంబర్ అడుగుభాగం వెడల్పు దాదాపు 12 మిల్లీమీటర్లు. బ్యారెల్‌కు బిగువుగా సరిపోయే గుడ్డముక్క చాంబర్ గోడలను సరిగా తాకకుండానే దాటిపోతుంది. బ్యారెల్‌లోకి చూస్తే అద్దంలా మెరుస్తుంది, తనిఖీ అధికారి సంతృప్తి పడతారు, చాంబర్‌లో మాత్రం మసి, తేమ కలిసి తుప్పుకు దారి తీస్తాయి. తుప్పు తిన్నచోట సన్నని గుంటలు పడతాయి. తూటా పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి గోడలకు అతుక్కుని, ఒత్తిడి తగ్గగానే కొద్దిగా కుంచించుకుపోయి వదులవుతుంది. గుంటలున్న చాంబర్‌లో ఆ ఇత్తడి గుంటల్లోకి ఒత్తుకుని అక్కడే పట్టుకుంటుంది. అటువంటి కేసు ఒంటిమీద వేలి గోరు నడిపితే చిన్న చిన్న బొడిపెలు, పొడవునా గీతలు తగులుతాయి. చాంబర్‌కు దాని కొలతకు తగిన బ్రష్ విడిగా వాడాలి, తర్వాత పొడి గుడ్డతో తుడవాలి. గుంటలు లోతుగా పడ్డాక ఏ బ్రష్షూ వాటిని పూడ్చలేదు, బ్యారెల్ మార్చవలసిందే.

అపోహ: చాంబర్‌కు నూనె పూస్తే కేసు జారి వస్తుంది.

వాస్తవం: కేసు చాంబర్ గోడలను పట్టుకుని ఉండడం వల్లనే పేలుడు తోపులో కొంత భాగాన్ని చాంబర్ భరిస్తుంది. నూనె ఆ పట్టును తీసివేయడంతో తోపు భారం బ్రీచ్ బ్లాక్ మీద పడుతుంది. పైగా నూనె మసిని పోగుచేస్తుంది. భద్రపరిచేటప్పుడు పలచని పొర ఉండవచ్చు, ఫైరింగ్‌కు ముందు మాత్రం చాంబర్ పొడిగా ఉండాలి.

అపోహ: కేసు ఇరుక్కుంటే గ్యాస్ పెంచాలి.

వాస్తవం: ఇది సగం నిజం కాబట్టే ప్రమాదకరం. గ్యాస్ తక్కువై బ్లాక్ పూర్తిగా వెనక్కి రానప్పుడు అదనపు గ్యాస్‌ను బయటికి వదిలే రెగ్యులేటర్ రంధ్రాన్ని కొంత మూసి, బ్లాక్‌ను వెనక్కి నెట్టే పిస్టన్‌కు ఎక్కువ గ్యాస్ అందించడం సరైన చికిత్సే. సరిగా నడిచే స్థానం దొరికాక మరో రెండు క్లిక్కులు మూసి అక్కడ వదలడం వాడుక. కానీ చాంబర్ మురికిగా ఉన్న రైఫిల్‌కు గ్యాస్ పెంచితే, లోపల ఒత్తిడి ఇంకా మిగిలి ఉండగానే, ఉబ్బిన కేసును బ్లాక్ మరింత వేగంగా గుంజుతుంది. రిమ్ చిరిగిపోయేది అప్పుడే.

ఒకసారి కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ తెచ్చిన రైఫిల్‌లో ప్రతి తూటాకూ కేసు లోపలే ఉండిపోతోంది, చేత్తో కాకింగ్ హ్యాండిల్ లాగితే మాత్రం సునాయాసంగా బయటపడుతోంది. చేత్తో అంత తేలికగా వచ్చే కేసుకు చాంబర్ గానీ ఎక్స్‌ట్రాక్టర్ గానీ అడ్డం కాదు. శుభ్రం చేశాక గ్యాస్ ప్లగ్‌ను గ్రెనేడ్ స్థానంలో (రైఫిల్‌తో గ్రెనేడ్ పేల్చేటప్పుడు ఉంచే స్థానంలో) బిగించారు. ఆ స్థానంలో పిస్టన్‌కు గ్యాస్ అందదు. ప్లగ్ తిప్పి పెట్టడానికి అర నిమిషం పట్టింది, చీటీ రాయడానికి అంతకంటే ఎక్కువ పట్టి ఉంటుంది.

అపోహ: ఆధునిక రైఫిల్‌కు శుభ్రం చేయడం పెద్దగా అవసరం లేదు.

వాస్తవం: వియత్నాం యుద్ధంలో అమెరికన్ సైనికులు ఎం16 విషయంలో ఈ మాటకు మూల్యం చెల్లించారు. శుభ్రపరిచే సామగ్రి సరిగా అందలేదు, చాంబర్‌కు క్రోమ్ పూత లేదు, పైగా తూటాల్లోని మందును మార్చారు. చాంబర్‌లో బిగుసుకున్న కేసులను సైనికులు క్లీనింగ్ రాడ్‌ను బ్యారెల్ మూతి నుంచి దూర్చి నెట్టవలసి వచ్చింది. 1967లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం దీనిపై విచారణ జరిపింది, ఆ తర్వాత చాంబర్‌కు క్రోమ్ పూత వచ్చింది.

అపోహ: కేసు తెగి ముందు సగం లోపల మిగిలితే తూటాదే తప్పు.

వాస్తవం: తూటా తప్పు కావచ్చు, అయితే ఒకే రైఫిల్‌లో ఇది రెండోసారి జరిగితే హెడ్‌స్పేస్ (బ్లాక్‌కు, చాంబర్‌కు మధ్య ఖాళీ) కొలవాలి. ఆ ఖాళీ ఎక్కువైతే కేసు ప్రతిసారీ సాగుతుంది. తెగడానికి ముందు దాని అడుగుభాగానికి కొంచెం పైన మెరిసే వలయం కనబడుతుంది. ఎస్‌ఎల్‌ఆర్‌లో ఈ కొలతను నిర్ణయించే లాకింగ్ షోల్డర్ (బ్లాక్ ఆనుకుని బిగిసే భాగం) వేర్వేరు సైజుల్లో ఉంటుంది, గేజ్‌తో సరిచూసి తగినది వేయడం ఆర్మరర్ పని. మిగిలిన ముక్కను స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీస్తే చాంబర్‌పై శాశ్వతమైన గీత పడుతుంది, దానికి విరిగిన కేసు తీసే పనిముట్టు వేరే ఉంది.

మన దగ్గర ఫైరింగ్ తర్వాత ఖాళీ కేసులను లెక్కపెట్టి అప్పగించాలి కాబట్టి ఈ సాక్ష్యమంతా ఉచితంగా చేతికి వస్తుంది. కానీ అన్నీ ఒకే సంచిలో పడితే ఏ కేసు ఏ రైఫిల్‌దో తెలియదు. అందుకే ఆగిన రైఫిల్ కేసులను విడిగా ఒక కవరులో వేసి, పైన బట్ నంబరు (రైఫిల్‌ను గుర్తించే అంకె) రాసి, చీటీతో పాటు పంపమని అడిగేవాణ్ని.